వేళ్ళను కొలిచినవాళ్ళు

1

ఇటీవల ఒక యువ రచయిత తన కథ వ్రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అచ్చుకు పంపేముందు మీరు ఒకసారి చూడాలి మాస్టారూ" అన్నాడు.

కథ క్లుప్తంగా ఇది. రైలు పట్టాల పక్కన ఒక తెగిన చెయ్యి దొరుకుతుంది. మిగతా శరీరం దొరకదు. పోలీసులు పంచనామా రాసి చేతిని ఆసుపత్రికి పంపుతారు. అంతకు నాలుగు రోజుల ముందు కూలికి వెళ్ళి తిరిగిరాని కూతురి కోసం ఒక తల్లి స్టేషను మెట్లమీద కూర్చుని వుంటుంది. డాక్టరు రెండు వేళ్ళు కొలుస్తాడు. "చూపుడు వేలికన్నా ఉంగరపు వేలు పొడవుగా వుంది. ఇది మగవాడి చెయ్యి" అంటాడు. ఎస్సై బయటికొచ్చి "నీ కూతురు కాదులే, ఇంటికి పో" అని తల్లిని పంపించేస్తాడు. తల్లి బతికినంత సంతోషంతో ఇంటిదారి పట్టటంతో కథ ముగుస్తుంది.

కథ బాగానే నడిచింది. భాష బాగుంది. కాని నాకు ఒక అనుమానం వచ్చింది. "ఆ డాక్టరు చెప్పింది తప్పయితే?" అని అడిగాను. అతను ఆశ్చర్యపోయాడు. "తప్పెలా అవుతుంది మాస్టారూ? అది సైన్సు కదా" అన్నాడు.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించి. నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. శరీర శాస్త్రం నా చదువు కాదు. కాని "అది సైన్సు కదా" అన్న మాట ఒక తల్లిని మెట్లమీద నుంచి లేపి పంపించగలిగినప్పుడు, ఆ మాట వెనక వున్న చరిత్ర ఏమిటో తెలుసుకోవటం సాహిత్య విద్యార్థికి కూడా అవసరమే. అభ్యుదయ రచయిత శాస్త్రీయ దృక్పథం వున్నవాడు అయి వుండాలని మనం అంటూనే వున్నాం. శాస్త్రీయ దృక్పథం వేరు, శాస్త్రం పేరు చెప్పగానే చేతులు కట్టుకు నిలబడటం వేరు.

వేళ్ళ పొడవును బట్టి మనిషిని తూచటం మనకు కొత్త కాదు. పెళ్ళిచూపుల్లో పిల్ల కాలివేళ్ళు చూసేవాళ్ళు మన ఊళ్ళలో వుండేవాళ్ళు. బొటనవేలికన్నా పక్కవేలు పొడవుగా వుంటే ఆ పిల్ల మొగుణ్ణి ఏలుతుందని పెదవి విరిచేవాళ్ళు. కూలి పెంచమని అడిగితే "అయిదు వేళ్ళూ సమానంగా వుంటాయిట్రా?" అనే ఆసాములు నా చిన్నతనంలో వుండేవాళ్ళు. వేళ్ళ పొడవుల్లో తేడా వుండటం ప్రకృతి. ఆ తేడాను చూపించి పొలం ఒకడిదీ, చాకిరీ ఇంకొకడిదీ అనటం ప్రకృతి కాదు. ఒక వాస్తవం నుంచి ఒక తీర్పుకు దూకటంలోనే అసలు కిటుకంతా వుంది. పల్లెటూరి ఆసామి సామెతలో చేసిన పనినే పందొమ్మిదో శతాబ్దపు పాలకులు కాలిపర్స్ పట్టుకుని చేశారు.

2

మొదట డాక్టరు చెప్పిన విషయంలో నిజమెంతో చూద్దాం.

గుర్తు తెలియని శవం దొరికినప్పుడు వైద్యులు నాలుగు ప్రశ్నలతో మొదలుపెడతారు: ఆడా మగా, వయస్సెంత, ఎత్తెంత, ఏ ప్రాంతపు జనానికి చెందిన మనిషి. కటి ఎముకలు దొరికితే మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు సులభం. బిడ్డను కనవలసిన అవసరం స్త్రీ కటి నిర్మాణాన్ని వేరుగా మలిచింది. పుర్రె అంతకన్నా కొంత తక్కువ నమ్మకమైన ఆధారం. పేలుళ్ళలోనో, రైలు ప్రమాదాల్లోనో, హత్య చేసి ముక్కలు చేసినప్పుడో ఒక్క చెయ్యి మాత్రమే దొరికితే? అటువంటి సందర్భాల కోసమే చేతి కొలతల పరిశోధన వచ్చింది. అవసరం నిజమైనదే. ఆ పరిశోధన చేసినవాళ్ళను నేను ఎగతాళి చెయ్యటం లేదు.

అరచేతి వైపు వేలి మొదట్లో వున్న మడత నుంచి వేలి కొన వరకు కొలుస్తారు. చూపుడు వేలి పొడవును ఉంగరపు వేలి పొడవుతో భాగిస్తారు. పురుషులలో ఉంగరపు వేలు కాస్త పొడవు కనక ఈ నిష్పత్తి సగటున తక్కువగానూ, స్త్రీలలో కాస్త ఎక్కువగానూ వస్తుంది. ఇంగ్లండులో లివర్‌పూల్‌కు చెందిన జాన్ మానింగ్, అతని సహచరులు 1998లో ఒక వ్యాసం ప్రచురించి, తల్లి గర్భంలో వున్నప్పుడు పనిచేసే హార్మోన్లకూ ఈ తేడాకూ సంబంధం వుందని వాదించిన తర్వాత ఈ నిష్పత్తి మీద లెక్కలేనన్ని పరిశోధనలు వచ్చాయి. 2008లో మంగళూరు పరిశోధకులు దీన్ని నేర పరిశోధనకు వర్తింపజేశారు. దక్షిణ భారతీయులలో నిష్పత్తి 0.97 లేక అంతకు తక్కువ అయితే పురుషుడుగా, ఎక్కువ అయితే స్త్రీగా భావించవచ్చునని వాళ్ళు సూచించారు. ఆ మరుసటి సంవత్సరమే, 2009లో, అదే అంతర్జాతీయ పత్రికలో వియన్నాకు చెందిన మార్టిన్ వోరాచెక్ జవాబు రాశాడు. చట్టపరమైన విచారణల్లో ఆడా మగా తేల్చటానికి ఈ నిష్పత్తి పనికిరాదని అతని వాదం.

ఎందుకు పనికిరాదు? ఇక్కడ కొద్దిగా లెక్క కావాలి. స్త్రీ పురుషుల సగటుల మధ్య తేడా స్థూలంగా నూటికి ఒకటి రెండు పాళ్ళు. కాని పురుషులలో పురుషులకే, స్త్రీలలో స్త్రీలకే వుండే హెచ్చుతగ్గులు అంతకన్నా ఎక్కువ. రెండు ధాన్యపు రాశులు పక్కపక్కనే పోస్తే శిఖరాలు రెండుగా కనిపిస్తాయి గాని మధ్యలో గింజలన్నీ కలిసిపోయి వుంటాయి. ఇక్కడ ఆ శిఖరాలు బాగా దగ్గర దగ్గరగా వున్నాయి. రాశిలోని ఒక్క గింజను తీసి ఇది ఏ రాశిదో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? సగటుల మధ్య తేడా ఇంత చిన్నదయినప్పుడు ఎంత జాగ్రత్తగా మధ్యగీత గీసినా తీర్పు నూటికి అరవై ప్రాంతంలోనే సరిపోతుంది. నాణెం ఎగరేస్తే యాభై సరిపోతాయి. పైగా, ఒక దేశపు జనానికీ ఇంకొక దేశపు జనానికీ మధ్య వుండే తేడా, స్త్రీ పురుషుల మధ్య తేడాకన్నా ఎక్కువగా వుంటుందని మానింగ్ బృందమే 2000లో చూపింది. వేళ్ళ నిష్పత్తికన్నా చేతి మొత్తం పొడవు, వెడల్పులే మెరుగైన ఆధారం. అవి కూడా సంభావ్యతలే గాని సాక్ష్యాలు కావు.

ఇది రాస్తూ స్కేలు తీసుకుని నా చేతులు నేనే కొలుచుకున్నాను. కుడిచేతి చూపుడు వేలు 71 మిల్లీమీటర్లు, ఉంగరపు వేలు 72. నిష్పత్తి 0.986. అంటే 0.97 సూత్రం ప్రకారం నేను స్త్రీని. ఎడమచెయ్యి కొలిస్తే 70, 73. నిష్పత్తి 0.959. ఆ చెయ్యి పురుషుడిది. అర్ధనారీశ్వరుడికి ఎడమభాగం పార్వతి అని మనవాళ్ళు చెప్పుకున్నారు. నా విషయంలో కాలిపర్స్ ఆ ఏర్పాటును కూడా తారుమారు చేసింది. నేను బతికి వున్నాను కనక నవ్వుకున్నాను. రైలు పట్టాల పక్కన దొరికిన చేతికి నవ్వుకునే అవకాశం లేదు.

ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. ఇటువంటి అధ్యయనాల్లో చాలాసార్లు కొలిచేది కళాశాల విద్యార్థుల చేతులను, ముఖ్యంగా వైద్య విద్యార్థుల చేతులను. వాళ్ళు దగ్గర్లో వుంటారు, అడిగితే చెయ్యి చాపుతారు. దెబ్బతిన్న వేళ్ళనూ, వంకరపోయిన వేళ్ళనూ లెక్కలోంచి తీసేస్తారు. పద్ధతి ప్రకారం అది సరైనదే. కాని పట్టాల పక్కన దొరికే చెయ్యి ఎవరిది? ఎక్కువసార్లు కూలివాళ్ళది, వలసవచ్చినవాళ్ళది, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళది. నీళ్ళలో నానితే చర్మం ఉబ్బుతుంది, ఎండలో వుంటే ముడుచుకుపోతుంది. బతికి, చదువుకునే, దెబ్బతగలని చేతుల మీద తయారైన సూత్రాన్ని, చచ్చిపోయిన, చాకిరీ చేసిన చేతిమీద పెడుతున్నాం. సంస్కృతంలో ఉంగరపు వేలికి అనామిక అని పేరు. అంటే పేరులేనిది. పేరులేని శవానికి పేరులేని వేలు సాక్ష్యం చెప్పవలసి వస్తోంది.

3

ఈ కొలతల ఆలోచన 2008లోనో 1998లోనో పుట్టినది కాదు. 1875లోనే జర్మనీలో ఫ్రైబుర్గ్ శరీర శాస్త్రాచార్యుడు అలెగ్జాండర్ ఎకర్ చూపుడు, ఉంగరపు వేళ్ళ పొడవుల మీద ఒక వ్యాసం రాశాడు. వానరాల చేతులనూ, మనుషుల చేతులనూ, స్త్రీల చేతులనూ, పురుషుల చేతులనూ పోల్చి చూశాడు. ఆ కాలపు యూరపు పండితుల మనస్సులో ఒక నిచ్చెన వుండేది. అట్టడుగు మెట్టుమీద కోతి, పై మెట్టుమీద తెల్లవాడు. దొరికిన ప్రతి అవయవాన్నీ ఏదో ఒక మెట్టుమీద కూర్చోబెట్టటమే పనిగా వుండేది.

సరిగ్గా మరుసటి సంవత్సరం, 1876లో, అదే జర్మన్ భాషలో ఏంగెల్సు కూడా చేతి గురించి రాశాడు. వానరం మనిషిగా మారటంలో శ్రమ నిర్వహించిన పాత్ర గురించిన ఆ అసంపూర్ణ వ్యాసం అతను చనిపోయిన తర్వాత 1896లో అచ్చయింది. చెయ్యి శ్రమకు సాధనం మాత్రమే కాదు, శ్రమ వల్ల తయారైనది కూడా అన్నది అందులోని ప్రధాన వాదం. ఒకే ఏడాది వ్యవధిలో ఒకే అవయవాన్ని ఇద్దరు చూశారు. ఒకతను ఎంత పొడవుందో చూశాడు. ఇంకొకతను అది ఏం చేసిందో చూశాడు. చెయ్యి ఏ మెట్టుమీద వుంది అని అడగటంలోనూ, ఈ చెయ్యి ఎట్లా ఇట్లా అయింది అని అడగటంలోనూ వున్న తేడా రెండు ప్రపంచ దృక్పథాల తేడా.

ఈ కొలతలు పండితుల గదుల్లోంచి పోలీసు స్టేషన్లలోకి 1880లలో వచ్చాయి. పారిస్ పోలీసు కార్యాలయంలో గుమాస్తాగా వున్న అల్ఫోన్స్ బెర్తియాఁ ఖైదీల శరీరాలను కొలిచి కార్డుల్లో నమోదు చేసే పద్ధతి పెట్టాడు. ఎత్తు, చాచిన చేతుల వెడల్పు, తల పొడవు, కుడి చెవి, ఎడమ పాదం, ఎడమ మోచేయి. వీటితోపాటు ఎడమచేతి నడిమి వేలు, చిటికెన వేలు. 1883లో ఈ కార్డుల ఆధారంగా మారుపేరు చెప్పిన ఒక పాత నేరస్థుణ్ణి మొదటిసారి పట్టుకున్నారు. ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. 1892లో బెంగాలు పోలీసు శాఖ దాన్ని చేపట్టింది.

బెంగాలులో అది నిలవలేదు. ఒక జమేదారు కొలిచినదానికీ ఇంకొక జమేదారు కొలిచినదానికీ పొంతన కుదరలేదు. ఎదిగే పిల్లల కొలతలు ఏడాది తిరగకముందే మారిపోతాయి. వేలి పొడవు స్థానంలో వేలిముద్ర ప్రవేశించింది.

వేలిముద్ర చరిత్ర కూడా మన నేలమీదనే మొదలయింది. 1857 తిరుగుబాటు వేడి ఇంకా చల్లారని 1858లో, బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే అధికారి రాజ్యధర్ కోనాయి అనే గుత్తేదారు చేత రోడ్డు కంకర ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. సంతకం నాది కాదని తర్వాత బుకాయించకుండా భయపెట్టటమే తన ఉద్దేశమని హెర్షెలే తర్వాత రాసుకున్నాడు. మొదటి ముద్రలో శాస్త్రంకన్నా అనుమానం ఎక్కువ. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ముద్రలను 1,024 గళ్ళలో వర్గీకరించే గణిత సూత్రాన్ని పనిలో పెట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగులు. పద్ధతికి స్థిరపడిన పేరు మాత్రం వాళ్ళ పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీది. హెన్రీ లండను పోలీసు కమిషనరయ్యాడు. హక్‌కు ఖాన్ బహద్దూర్, బోస్‌కు రాయ్ బహద్దూర్ బిరుదులు వచ్చాయి. శ్రమ ఒకరిదీ, పేరు ఇంకొకరిదీ కావటం వేలిముద్రల విషయంలో కూడా తప్పలేదు.

ఇక్కడ ఒక విశేషం. యుజెనిక్స్ అనే మాటను పుట్టించిన ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో వేలిముద్రల మీద పుస్తకం రాశాడు. ముద్రల్లో జాతి, వర్గం కనిపిస్తాయని అతను ఆశపడ్డాడు. ఆంగ్లేయులవీ, యూదులవీ, నీగ్రోలవీ, చదువుకునే విద్యార్థులవీ, పల్లెటూరి కూలివాళ్ళవీ, మనోవికాసం లేనివాళ్ళవీ ముద్రలు సేకరించి పోల్చాడు. తను ఆశించిన తేడా ఏదీ కనబడలేదని చివరికి ఒప్పుకున్నాడు. ప్రతి మనిషి వేలూ ఆ మనిషిదే అని చెప్పింది గాని, పెద్దకులమో చిన్నకులమో చెప్పటానికి ఒప్పుకోలేదు. గాల్టన్ మీద నాకు ఎన్ని అభ్యంతరాలున్నా, తన ఆశ తప్పిందని అచ్చులో ఒప్పుకోవటాన్ని మాత్రం నేను గౌరవిస్తాను. శాస్త్రం అనే మాటకు అతను అర్హుడైన క్షణం అది.

4

వేళ్ళు చెప్పటానికి ఒప్పుకోని మాటను ముక్కుల చేత చెప్పించారు. హెర్బర్ట్ రిస్లీ 1891లో బెంగాలు కులాల గురించి రాస్తూ ముక్కు వెడల్పు ఎంత ఎక్కువైతే సామాజిక హోదా అంత తక్కువని సూత్రీకరించాడు. 1901 జనాభా లెక్కలకు అతనే అధిపతి. మన మద్రాసు రాజధానిలో మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ ఊళ్ళూ కొండలూ తిరిగి జనాన్ని కొలిచాడు. మద్రాసు పోలీసులకు శరీర కొలతల మీద పాఠాలు చెప్పాడు. దక్షిణ భారత కులాల మీద 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. మన తెలుగు కులాల గురించి ఇప్పటికీ పరిశోధకులు తిరగేసే పుస్తకం అది. వయనాడు కొండల్లో పనియ స్త్రీలు అతన్ని చూసి, తమలో మంచి నమూనాలను ఎంచి చంపి, గడ్డి కూరి మ్యూజియంలో పెట్టుకుంటాడని భయపడ్డారట. ఈ సంగతి అతనే వినోదంగా రాసుకున్నాడు. నాకు అందులో వినోదం కనబడలేదు. కొలిచే చెయ్యికీ కొలవబడే చేతికీ మధ్య వున్న సంబంధాన్ని ఆ స్త్రీలు ఆ ఏడు సంపుటాలకన్నా సూటిగా గ్రహించారు.

కొలతలూ నమోదులూ చట్టంలోకి వస్తే ఏమవుతుందో 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో చూడాలి. పుట్టుకతోనే కొన్ని జాతులను నేరస్థులుగా నమోదు చేసిన చట్టంగా అది మనకు తెలుసు. 1911లో దాన్ని దేశమంతటికీ వర్తింపజేసి, నమోదైనవాళ్ళ వేలిముద్రలు తీసే అధికారం ఇచ్చారు. స్టువర్టుపురం ఎరుకల సెటిల్‌మెంటు ఆ చట్టం నీడలో పుట్టినదే. 1952లో చట్టం రద్దయినా ఆ ఊరి పేరు చెప్పగానే జనం జేబులు తడుముకునే అలవాటు చాలాకాలం పోలేదు. ఆ అలవాటును పెంచటంలో మన కథలకూ, సినిమాలకూ వున్న వాటా తక్కువేమీ కాదు.

కాని అదే చట్టంలో రెండో భాగం ఒకటుందని మనలో చాలామందికి తెలియదు. అది హిజ్రాల గురించి. తామే ఒప్పుకున్నా, లేక వైద్య పరీక్షలో తేలినా, నపుంసకులైన పురుషులందరూ ఆ నిర్వచనం కిందికి వస్తారు. వాళ్ళలో అనుమానితులను పట్టీలో ఎక్కించాలి. పట్టీలో వున్న మనిషి ఆడవేషం వేసినా, బహిరంగంగా పాడినా ఆడినా వారంటు లేకుండా అరెస్టు చెయ్యవచ్చు. రెండేళ్ళదాకా జైలు. అంటే మనిషి తను ఎవరో చెప్పుకోవటం ముఖ్యం కాదు, డాక్టరు పరీక్షించి చెప్పటం ముఖ్యం. పరీక్ష ముగిసిన చోట జైలు మొదలవుతుంది.

ఈ చట్టం అచ్చు నకలు హైదరాబాదు రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, వచ్చింది. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అట్లాగే మిగిలింది. 2014లో సుప్రీంకోర్టు, తన లింగ గుర్తింపును తానే చెప్పుకునే హక్కు మనిషికి వుందని తీర్పు చెప్పిన తర్వాత కూడా మిగిలింది. చివరికి 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూటనాలుగేళ్ళు! మన ఇళ్ళముందు చప్పట్లు కొడుతూ నిలబడ్డ మనుషులను చూసి మనం నవ్వుకున్న ఆ కాలమంతా వాళ్ళ నెత్తిమీద ఆ కత్తి వేలాడుతూనే వుంది. దాని గురించి రాసిన మన కథకులు ఎందరు?

స్త్రీ, పురుషుడు అనే రెండు గళ్ళు మాత్రమే వున్న కార్డుతో బయలుదేరే ప్రతి కొలతకూ ఈ చరిత్ర వుంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో పరుగులో వెండి పతకం గెలిచిన తమిళనాడు పేదింటి పిల్ల శాంతి సౌందరరాజన్‌కు పరీక్ష పేరుతో ఆ పతకం లేకుండా చేశారు. ఆమె పరుగెత్తిన కాళ్ళు ఆమెవే. ఆ విషయంలో ఎవరికీ అనుమానం రాలేదు.

5

సాహిత్యం ఈ చరిత్రకు బయట లేదు. మార్క్ ట్వేన్ 1894లో 'పుడ్డెన్‌హెడ్ విల్సన్' నవల ప్రచురించాడు. చూడటానికి తెల్లగానే వుండే ఒక బానిస స్త్రీ తన బిడ్డనూ యజమాని బిడ్డనూ తారుమారు చేస్తుంది. బానిస బిడ్డ దొరగా, దొర బిడ్డ బానిసగా పెరుగుతారు. ఊరంతా పిచ్చివాడని నవ్వుకునే ప్లీడరు ఏళ్ళ తరబడి దాచిన వేలిముద్రలను కోర్టులో చూపించి గుట్టు బయటపెడతాడు. శాస్త్రం గెలుస్తుంది. కాని గెలిచి ఏం చేస్తుంది? దొరగా పెరిగినవాణ్ణి ఆస్తి కింద లెక్కగట్టి అమ్మేస్తారు. బానిసగా పెరిగినవాడు దొర అయినా దొరల మధ్య ఇమడలేడు. ముద్ర నిజమే చెప్పింది. ఆ నిజాన్ని వాడుకున్న వ్యవస్థ అబద్ధం. ట్వేన్ గొప్పతనం ఆ రెంటినీ కలపకపోవటంలో వుంది.

మనవాళ్ళ అపరాధ పరిశోధక నవలలు చాలావరకు ఇందుకు వ్యతిరేకమైన పని చేశాయి. దొంగకు గంటు మొహం, ఇరుకు నుదురు, మోటు వేళ్ళు. నాయికకు సన్నని పొడవాటి వేళ్ళు. తామరతూడు లాంటి వేళ్ళని ప్రబంధకవులు వర్ణిస్తే మనం విమర్శించాం. కూలివాడి వేళ్ళను నేరానికి గుర్తుగా రాస్తే మాత్రం వాస్తవికత అనుకున్నాం. రెండూ ఒక్కటే. మనిషి స్వభావాన్ని అవయవం పొడవులో వెతకటమే రెండింటిలోనూ వుంది.

6

అయితే శాస్త్రాన్ని వదిలేద్దామా? ఎంతమాత్రం కాదు. తన తప్పును తానే కొలుచుకునే శాస్త్రానికీ, తప్పును దాచి తీర్పు చెప్పే అధికారానికీ తేడా తెలుసుకోవాలి.

ఇప్పుడు తెగిన చెయ్యి దొరికితే ఆడా మగా తేల్చటానికి డి.ఎన్.ఎ. పరీక్ష వుంది. ఈ రంగంలో మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్, ఆయన సహచరులు చేసిన కృషి దేశానికి దారి చూపింది. సాధారణంగా అమెలోజెనిన్ అనే జన్యువును చూసి ఆడా మగా చెబుతారు. అది వేళ్ళ నిష్పత్తితో పోల్చదగినది కాదు, చాలా నమ్మకమైనది. అయినా 2002లో ఆ సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులే, కొద్దిమంది భారతీయ పురుషులలో ఆ జన్యుభాగం లోపించటం వల్ల పరీక్ష వాళ్ళను స్త్రీలుగా చూపుతోందనీ, ఆ ఒక్కదానిమీదే ఆధారపడవద్దనీ ప్రకటించారు. ఇదీ శాస్త్రం. తన చేతిలోని ఆయుధం ఎక్కడ గురి తప్పుతుందో ముందు తానే చెబుతుంది.

అధికారం అట్లా చెప్పదు. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో 2022లో వచ్చిన కొత్త చట్టం కనుపాపల చిత్రాలనూ, రక్త నమూనాలనూ, చేతివ్రాతనూ కూడా కొలతల కిందికి తెచ్చింది. రికార్డులను 75 ఏళ్ళు దాచమన్నది. మరోవైపు చౌకధరల దుకాణం ముందు, జీవితమంతా నాట్లువేసి, బట్టలుతికి, గిన్నెలు తోమి ముద్రలు అరిగిపోయిన ముసలమ్మలు యంత్రం మీద వేలు పెట్టి, తీసి, తుడుచుకుని, మళ్ళీ పెడుతూ నిలబడి వుంటారు. పనిచేసిన చేతిని యంత్రం గుర్తించదు.

యువ రచయిత మళ్ళీ వచ్చినప్పుడు ఈ మాటలన్నీ చెప్పాను. "అయితే కథ చింపెయ్యమంటారా మాస్టారూ?" అన్నాడు. వద్దన్నాను. "నీ కథలో డాక్టరు రెండు వేళ్ళు కొలిచాడు గాని చెయ్యిని చూడలేదు. ఆ అరచేతిలో కొడవలి పట్టిన కాయలు వున్నాయా? గోళ్ళలో మట్టి ఏ చేలోది? మణికట్టు మీద పచ్చబొట్టు వుందా? చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిన మచ్చ వుందా? ఇవన్నీ ఎవరికి తెలుసు?"

అతను కాసేపు ఆలోచించాడు. "తల్లికి" అన్నాడు.

"మరి ఆమెను ఎవరైనా అడిగారా?"

ఆ కథలో ఆ తల్లిని ఎవరూ ఏమీ అడగలేదు. వేళ్ళ కొలత ఆమెను అడగవలసిన అవసరం లేకుండా చేసింది. నిజమైన పరీక్ష చెయ్యాలంటే మాత్రం ఆమెను పంపించటం కుదరదు. ఆ చేతిలోని డి.ఎన్.ఎ.ను పోల్చి చూడటానికి ఆమె నెత్తురు చుక్క కావాలి. ఆమెను మెట్లమీద నుంచి లోపలికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, "అమ్మా, నీ కూతురు పేరేమిటి?" అని అడగాలి.

ఆ ప్రశ్న దగ్గర నుంచి కథ మళ్ళీ మొదలుపెట్టమని చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాడు.